బ్రతికి ఉన్న మిత్రునికి స్మృతిగీతం: ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ పాటపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

మరణించిన వ్యక్తిని తలచుకొని కవి శోకించడం సాహిత్యంలో అతి ప్రాచీనమైన విషయం. తెలుగులో దీనిని స్మృతికావ్యమనీ, స్మృతిగీతమనీ, ఎలిజీ అనీ వ్యవహరిస్తున్నాము. పేర్లు వేరైనా ఈ రచనలన్నిటి వెనుక పైకి చెప్పని నియమం ఒకటి ఉంది. ఎవరిని గురించి శోకిస్తున్నామో ఆ వ్యక్తి ఇక లేడు అన్నదే ఆ నియమం. అది తప్పినప్పుడు ఏమవుతుంది? శోకానికి ఆలంబనమైన మనిషి అదే నగరంలో బ్రతికి ఉండగా, అతని మిత్రులే అతనిని లేనివానిగా భావించి పాడవచ్చునా? పాడితే అది స్నేహమా, అపచారమా?

ఈ ప్రశ్నను ఊహలో కాక ఒక వాస్తవ రచన ఆధారంగా పరిశీలించడానికి ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1975లో వెలువరించిన ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ అనువైనది. 1960ల చివర బ్రిటన్‌లో రూపుదిద్దుకొన్న ప్రోగ్రెసివ్ రాక్ ధోరణి, మూడు నిమిషాల పాట పరిధిని దాటి, అనేక భాగాలతో కూడిన దీర్ఘ రచనల వైపు నడిచింది. ఆ ధోరణిలో ప్రసిద్ధమైన రచనలలో ఇది ఒకటి. బృందాన్ని స్థాపించిన వారిలో ఒకడై, తొలి పాటల కర్తగా దానికి గుర్తింపు తెచ్చి, తర్వాత దానికి దూరమైన సిడ్ బారెట్‌ను ఉద్దేశించి ఈ పాట వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరాలు.

ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం ఇది: బ్రతికి ఉన్నవానిని గురించిన స్మృతిగీతం తనంతట తాను తప్పు కాదు. అయితే అది మిత్రునికి చెల్లించవలసిన ఋణాన్ని గుర్తించగలదే గాని తీర్చలేదు. గుర్తించడాన్నే తీర్చడంగా భ్రమించినప్పుడు, లేదా వినేవారిని భ్రమింపజేసినప్పుడు, అక్కడ అపచారం మొదలవుతుంది. ‘షైన్ ఆన్’ పాట ఈ సరిహద్దు మీద నిలిచి ఉంది. దాని పదాలు కొన్ని చోట్ల ఆ గీత దాటుతాయి. దాని సంగీతం చాలా వరకు దాటదు.

నేపథ్యం

1946 జనవరి 6న కేంబ్రిడ్జిలో జన్మించిన బారెట్ అసలు పేరు రోజర్ కీత్ బారెట్. లండన్‌లోని క్యాంబర్‌వెల్ కళాశాలలో చిత్రకళ అభ్యసించాడు. 1965లో రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్‌లతో కలిసి ఏర్పడిన బృందానికి పేరు పెట్టినది ఆయనే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్ల నుండి దానిని కూర్చాడు. 1967లో వచ్చిన ‘ఆర్నాల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ పాటలు ఆయన రచనలు. అదే సంవత్సరం ఆగస్టులో వెలువడిన తొలి ఆల్బమ్ ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’లో అధికభాగం ఆయనదే. కెనెత్ గ్రేహమ్ రాసిన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ అనే బాలల గ్రంథంలోని ఒక అధ్యాయం పేరే ఆ ఆల్బమ్‌కు శీర్షిక అయింది.

ఆ సంవత్సరం ముగిసేలోగా పరిస్థితి మారిపోయింది. ఎల్‌ఎస్‌డీ వంటి మాదక ద్రవ్యాల వాడకం, హఠాత్తుగా వచ్చిపడిన కీర్తి ఒత్తిడి, మానసికమైన అస్వస్థత కలిసి ఆయనను వేదికపై నిలవలేని స్థితికి తెచ్చాయి. ఆయనకు ఏ వ్యాధి అన్న విషయంలో బయటివారు చేసిన నిర్ణయాలు అనేకం ఉన్నాయి. ఈ వ్యాసం వాటి జోలికి పోదు. కేంబ్రిడ్జి నాటి మిత్రుడైన డేవిడ్ గిల్మర్‌ను బృందంలో చేర్చుకొన్నారు. కొద్ది ప్రదర్శనలలో ఐదుగురూ కలిసి పాల్గొన్నారు. 1968 జనవరి చివర సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనకు కారులో బయలుదేరిన రోజున, దారిలో బారెట్‌ను ఎక్కించుకోవాలా అన్న ప్రశ్న వచ్చింది. అవసరం లేదులే అన్నారు. సభ్యులు తర్వాత పలుమార్లు చెప్పిన వృత్తాంతమిది. ఆయన నిష్క్రమణను అదే సంవత్సరం ఏప్రిల్‌లో ప్రకటించారు. బృందం నిర్వాహకులైన పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్ మాత్రం అసలు సృజనశక్తి బారెట్‌దేనని నమ్మి ఆయన పక్షాన నిలిచారు.

విడిపోవడంతో సంబంధం పూర్తిగా తెగలేదు. 1970లో వచ్చిన బారెట్ సొంత ఆల్బమ్‌లు రెండింటి నిర్మాణంలో పాత మిత్రులు పాలుపంచుకొన్నారు. మొదటిదానికి గిల్మర్, వాటర్స్ తోడ్పడగా, రెండవది గిల్మర్, రైట్‌ల నిర్మాణంలో వచ్చింది. మొదటి ఆల్బమ్ ‘ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’లో బారెట్ తడబాటులను, ఆగిపోయిన ఆరంభాలను తొలగించకుండా ఉంచారు. అందులో కొంత భాగాన్ని నిర్మించిన మాల్కమ్ జోన్స్ దీనిని తర్వాత ఆక్షేపించాడు. నిజాయితీకోసం ఉంచారా, ఒక మనిషి దుర్బలతను ప్రదర్శనకు పెట్టారా అన్న సందేహం ఆనాడే పుట్టింది. ‘షైన్ ఆన్’ విషయంలో తలెత్తే ప్రశ్నకు ఇదే తొలి రూపం.

1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ సాధించిన అపారమైన విజయం బృందాన్ని ప్రపంచ ప్రసిద్ధం చేసింది. ఆ కీర్తిలో బారెట్‌కు భాగం లేదు. ఆ విజయం తర్వాత ఏమి చేయాలో తోచని అలసటలో, 1974 తొలినాళ్ళలో ఈ పాట పుట్టింది.

పాట నిర్మాణం

లండన్ కింగ్స్ క్రాస్ ప్రాంతంలోని ఒక అభ్యాసశాలలో గిల్మర్ గిటారుపై యథాలాపంగా నాలుగు స్వరాలు పలికించాడు: బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. అవి వాటర్స్‌ను కదిలించి, పాత మిత్రుని జ్ఞాపకానికి తెచ్చాయి. పాటకు బీజం ఇదే. 1974 జూన్‌లో ఫ్రాన్స్ పర్యటనలో దీనిని తొలిసారి వేదికపై వినిపించారు. 1975 జనవరి నుండి జూలై వరకు అబ్బే రోడ్ స్టూడియోలో జరిగిన రికార్డింగులో ఇది ‘విష్ యు వర్ హియర్’ ఆల్బమ్‌కు ఆద్యంతాలుగా అమరింది. మొత్తం తొమ్మిది భాగాలు, దాదాపు 26 నిమిషాలు. మొదటి ఐదు భాగాలతో ఆల్బమ్ ప్రారంభమవుతుంది, చివరి నాలుగు భాగాలతో ముగుస్తుంది. నడుమ ఉన్న మూడు పాటలలో రెండు సంగీత వ్యాపారాన్ని తూర్పారబట్టేవి, ఒకటి ఆల్బమ్‌కు పేరిచ్చినది.

ఆ నాలుగు స్వరాలను మన పరిభాషలో చెప్పుకొంటే విషయం స్పష్టపడుతుంది. పాట జి మైనర్ శ్రుతిలో నడుస్తుంది గనుక జి స్వరాన్ని షడ్జంగా తీసుకొంటే, అవి వరుసగా సాధారణ గాంధారం, కైశికి నిషాదం, షడ్జం, చతుశ్రుతి ధైవతం అవుతాయి. రాగ సామ్యం చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. గమనించవలసినది నడక. ఆ స్వరపంక్తి మూడవ అడుగులో షడ్జాన్ని, అంటే సొంత ఇంటిని, తాకుతుంది. అక్కడ నిలవదు. ధైవతం మీదికి వెళ్ళి, న్యాసం లేకుండా వేలాడుతుంది. ఇంటిదాకా వచ్చి లోపలికి రాని మనిషి ఆ నాలుగు స్వరాలలో వినిపిస్తాడు.

మరొక విశేషం పాట ఆలస్యం. మొదట సింథసైజరు నాదంతో పాటు, గాజు పాత్రలతో చేసిన ధ్వనులు వినిపిస్తాయి. బృందం అంతకుముందు ఇంటి వస్తువులతోనే సంగీతం చేయాలని మొదలుపెట్టి విడిచిపెట్టిన ఒక ప్రయత్నంలో మిగిలిన ధ్వనులవి. దాదాపు నాలుగు నిమిషాలకు నాలుగు స్వరాల పలుకు వస్తుంది. మానవ కంఠం వినిపించడానికి ఎనిమిదిన్నర నిమిషాలకు పైగా పడుతుంది. మాట్లాడడానికి సాహసించలేని సంకోచం ఈ నిడివిలో ఉంది. నైతిక దృష్టితో చూస్తే ఈ మౌనం పాటలోని గొప్ప అంశాలలో ఒకటి.

కంఠం వచ్చాక పాట అంతా మధ్యమ పురుషలో, ‘నీవు’ అన్న సంబోధనలో సాగుతుంది. యౌవనంలో మిత్రుడు వెలిగిన వెలుగును, ఇప్పుడు కన్నులలో నిండిన శూన్యాన్ని పక్కపక్కన పెడుతుంది. బాల్యానికీ కీర్తికీ నడుమ చిక్కుకొన్నాడని చెబుతుంది. తర్వాత వరుసగా సంబోధనలు గుప్పిస్తుంది. వాటిలో ఒకటి 1967 నాటి ఆల్బమ్ శీర్షికను, మరొకటి ఆయన చిత్రకళను, ఇంకొన్ని లోకం ఆయనకు తగిలించిన బిరుదులను స్ఫురింపజేస్తాయి. శీర్షికలోని ‘క్రేజీ’ అన్న మాట కూడా రెండంచులది. తెలుగులో ‘పిచ్చి తండ్రీ’ అన్నప్పుడు లాలన, ‘పిచ్చివాడు’ అన్నప్పుడు ముద్ర. ఆ రెండు ధ్వనులూ శీర్షికలో కలిసి ఉన్నాయి. పలికేవారి ఉద్దేశం లాలనే అయినా, ప్రచారంలో మిగిలినది ముద్ర.

కరుణమా? విప్రలంభమా?

ఈ పాటలోని భావాన్ని మన అలంకారశాస్త్రం ఏ కోవలో చేరుస్తుంది? భరతుడు కరుణానికీ విప్రలంభానికీ భేదం చెబుతూ, కరుణం నిరపేక్షమనీ, విప్రలంభం సాపేక్షమనీ అన్నాడు. పునస్సమాగమంపై ఆశ లేనిది మొదటిది, ఆశ ఉన్నది రెండవది. విప్రలంభం శృంగార భేదమే అయినా, ఇక్కడ మనకు అవసరమైనది ఆశ ఉండడం, లేకపోవడం అన్న విభజన సూత్రం మాత్రమే. దానిని స్నేహానికి అన్వయించడంలో బాధ లేదు.

ఆ సూత్రం ప్రకారం, మిత్రుడు బ్రతికి ఉన్నాడు గనుక పాటలోని భావం సాపేక్షం కావాలి. కాని పాట స్వరం కరుణానిది. చివరి భాగాన్ని గిల్మర్ స్వయంగా నెమ్మదిగా సాగే అంతిమయాత్రా సంగీతంతో పోల్చాడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభ భేదాలలో కరుణ విప్రలంభాన్ని చేర్చాడు. మరణించిన ప్రియుడు తిరిగి లభిస్తాడన్న ఆశ మిగిలి ఉన్న స్థితి అది. కాదంబరిలో పుండరీకుని కోసం ఎదురుచూసే మహాశ్వేత దీనికి ఉదాహరణ. ‘షైన్ ఆన్’ పాటలో ఉన్నది సరిగా దీనికి తలక్రిందులైన స్థితి. అక్కడ మనిషి మరణించినా ఆశ చావలేదు. ఇక్కడ మనిషి బ్రతికి ఉన్నా ఆశ చచ్చిపోయింది.

నైతిక ప్రశ్న ఈ విలోమంలోనే పుడుతుంది. మరణం ఆశను తెంచినప్పుడు దానికి ఎవరూ బాధ్యులు కారు. మనిషి బ్రతికి ఉండగా ఆశ తెగితే, తెంచినది ఎవరన్న ప్రశ్న తప్పదు. పాట ఉత్తరార్ధంలో మిత్రుడు ఎక్కడున్నాడో, ఎంత దూరంలో ఉన్నాడో ఎవరికీ తెలియదన్న భావం వస్తుంది. ఆ కాలంలో బారెట్ లండన్‌లోనే, చెల్సీ ప్రాంతంలో నివసిస్తున్నాడు. పాట చెప్పే దూరం మైళ్ళలో కొలిచేది కాదు, మనస్సుకు సంబంధించినది అనవచ్చు. అది నిజమే. అయినా మనస్సుల దూరాన్ని భూగోళ దూరంగా చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది. ఆచూకీ తెలియని చోట ఉన్నవానిని వెళ్ళి పలకరించకపోవడం తప్పు కాదు. నగరంలోనే ఉన్నవానిని పలకరించకపోవడానికి కారణం చెప్పవలసి ఉంటుంది.

విడిచిపెట్టినవారి విలాపం

ఆదికావ్య జన్మవృత్తాంతంలో క్రౌంచం కూలడం, ముని శోకించడం, శోకం శ్లోకం కావడం మనకు సుపరిచితం. ఆ వృత్తాంతంలో బాణం వేసినవాడు వేరు, శోకించినవాడు వేరు. శ్లోకం నైతికంగా నిర్మలంగా వినిపించడానికి ఈ వేర్పాటు ఒక కారణం. ముని నిషాదుని నిందించగలిగాడు, ఎందుకంటే ఆ హింసలో ఆయన చేయి లేదు. 

ఆధునిక తెలుగు కవిత్వంలో మిత్రునికై రాసిన స్మృతిగీతాలలో ముందు జ్ఞాపకం వచ్చేది కొంపెల్ల జనార్దనరావును ఉద్దేశించి శ్రీశ్రీ రాసిన గీతం. ‘మహాప్రస్థానం’ ఆయనకే అంకితమైంది. అదీ మధ్యమ పురుషలో సాగే రచనే. ప్రతిభావంతుడై అకాలంగా పోయిన మిత్రుని లోకం పట్టించుకోలేదన్న ఆగ్రహం దానిలో ప్రధానం. అక్కడ కవి మిత్రుని పక్కన నిలిచి లోకాన్ని నిలదీస్తాడు.

వాటర్స్ స్థితి ఇటు వాల్మీకిదీ కాదు, అటు శ్రీశ్రీదీ కాదు. విలపించేవారే ఒకనాడు కారు ఆపకుండా వెళ్ళినవారు. వారిని నిషాదులనడం అన్యాయమే అవుతుంది. బారెట్ పతనాన్ని వారు కోరలేదు. ఇరవయ్యేళ్ళు దాటిన ఆ యువకులకు మానసిక అస్వస్థతను అర్థం చేసుకొనే సాధనాలు లేవు. బృందం నిలవాలంటే వేరే దారి లేదని వారు చెప్పుకొన్న మాటలో సత్యమూ ఉంది. అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ తొమ్మిదవ పుస్తకంలో, ఒక మిత్రుడు గుర్తుపట్టలేనంతగా మారిపోయినప్పుడు స్నేహాన్ని విడువవచ్చునా అన్న ప్రశ్నను చర్చించాడు. విడువవలసిన సందర్భాలు ఉంటాయని అంగీకరిస్తూనే, గత స్నేహాన్ని బట్టి పాత మిత్రునికి పరాయివారికంటె అధికంగా కొంత ఇవ్వవలసి ఉంటుందని అన్నాడు. అంటే, విడువడం తప్పు కాకపోయినా ఋణం మిగులుతుంది. నేరం లేని చోట కూడా ఋణం ఉండవచ్చునన్న ఈ సూక్ష్మం మన చర్చకు కీలకం.

ఈ దృష్టితో చూస్తే పాట ఒక నిజాయితీని పాటించింది. అది శ్రీశ్రీ గీతం వలె లోకాన్ని ఒక్కదానినే నిందించి తప్పుకోదు. వ్యాపారాన్ని దుయ్యబట్టే రెండు పాటలు ఆల్బమ్‌లో ఉన్నా, వాటిని ‘షైన్ ఆన్’ రెండు అర్ధభాగాల నడుమ ఉంచారు. బారెట్‌ను అలసిపోజేసిన యంత్రంలో ఇప్పుడు విజయవంతంగా కూర్చున్నది తామేనని ఆ అమరిక ఒప్పుకొంటుంది. లోపించినదేమిటంటే, ఆ ఒప్పుకోలు పాట పదాలలో లేదు. పదాలలో మిత్రుడు తనంతట తానే దారి తప్పినవాడు. అమరిక చెప్పిన సత్యాన్ని పదాలు చెప్పలేదు.

అంకితం, కృతిపతి సమ్మతి

తెలుగు ప్రబంధ సంప్రదాయంలో అంకితం ఒకరిచ్చేది, మరొకరు పుచ్చుకొనేది. కృతిపతి అంగీకరించాలి. అవతారికలో షష్ఠ్యంతాలు అతని గుణాలను విశేషణాలుగా కూర్చి కృతిని అతనికి సమర్పిస్తాయి. ‘షైన్ ఆన్’ పాటలోని సంబోధనల వరుస విచిత్రంగా మన షష్ఠ్యంతాలను జ్ఞప్తికి తెస్తుంది. అవే గుణకీర్తనలు, అదే సమర్పణ భంగిమ. భేదం ఒక్కటే: ఈ కృతిపతిని ఎవరూ అడగలేదు. మరణించినవాడు అంకితాన్ని స్వీకరించలేడు, నిరాకరించలేడు. బ్రతికి ఉన్నవానికి నిరాకరించే హక్కు ఉంది. ఆ హక్కును వినియోగించుకొనే అవకాశం ఇవ్వకుండా ఇచ్చిన అంకితం, ఎంత ప్రేమతో ఇచ్చినా, అసంపూర్ణమైన అంకితం.

ఇక్కడ రెండవ సమస్య సాధారణీకరణానిది. భట్టనాయకుడు, ఆ తర్వాత అభినవగుప్తుడు వివరించినట్లు, విభావాదులు వ్యక్తిసంబంధాన్ని విడిచి సాధారణీకృతమైనప్పుడే శోకం రసమవుతుంది. వాటర్స్ ఒక సందర్భంలో ఈ పాట నిజానికి బారెట్ గురించి మాత్రమే కాదనీ, ఆధునిక జీవితంలోని దుఃఖాన్ని భరించలేక పూర్తిగా తనలోకి ముడుచుకొనే మనుషులందరికీ ఆయన ఒక ప్రతీక అనీ వివరించాడు. అలంకారశాస్త్ర దృష్టిలో ఇది సముచితమే. బారెట్ ఎవరో తెలియని శ్రోత కూడా ఈ పాటలో తాను పోగొట్టుకొన్న మనిషిని తలచుకోగలడంటే కారణం సాధారణీకరణమే.

అయితే పురాణ నాయకుని సాధారణీకరించడం వేరు, పక్క వీధిలో బ్రతుకుతున్నవానిని ప్రతీక చేయడం వేరు. మానవుని కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ సూత్రాన్ని ఇక్కడ స్మరించవచ్చు. సూత్రంలోని బలమంతా ‘కేవలం’ అన్న మాటలో ఉంది. మిత్రుడు కవితకు ఆలంబనం కావడం దోషం కాదు. అతడు ఆలంబనంగా మాత్రమే మిగిలిపోవడం దోషం. ఈ పాట ప్రచారం పొందిన కొద్దీ బారెట్ ఒక వ్యక్తిగా కాక ఒక గాథగా ప్రజల మనస్సులో స్థిరపడ్డాడు. కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళి, పుట్టినప్పటి పేరుతో, బొమ్మలు వేసుకొంటూ, తోటపని చేసుకొంటూ బ్రతికిన కాలంలోనూ అభిమానులు, ఛాయాగ్రాహకులు ఆయన ఇంటిని వెదుక్కొంటూ వచ్చేవారు. ఆయన కోరుకొన్నది మరుపు. పాట ఆయనకు ఇచ్చినది స్మరణ. దీనికి పాట ఒక్కటే కారణం కాదు, కాని దానికీ భాగం ఉంది.

ఇక్కడ బారెట్ సొంత కంఠాన్ని మరువరాదు. బృందంతో ఆయన చివరి రచన ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’ 1968 నాటి రెండవ ఆల్బమ్ చివర ఉంది. తాను ఎదుటివారికి కనిపిస్తూనే అక్కడ లేనన్న భావం, దానిపై ఒక చేదు మర్యాద ఆ పాటలో ధ్వనిస్తాయి. అంటే తన లేమిని గురించి మొదట పాడినది ఆయనే, మిత్రులకంటె ఏడు సంవత్సరాల ముందే. ‘షైన్ ఆన్’ పాటను ఆ పాటకు ఆలస్యంగా అందిన ప్రత్యుత్తరంగా చదివితే దాని నైతిక స్థితి కొంత మెరుగుపడుతుంది. అడగకుండా ఇచ్చిన అంకితం అప్పుడు, అడిగినప్పుడు ఇవ్వని జవాబు అవుతుంది. రెండింటిలోనూ లోపం ఉంది, కాని రెండవదానిలో సంభాషణ ఉంది.

1975 జూన్: గుర్తింపు

బృందం అబ్బే రోడ్‌లో ఈ ఆల్బమ్ పనిలో ఉండగా, సాధారణంగా 1975 జూన్ 5గా పేర్కొనే రోజున, ఒక వ్యక్తి స్టూడియోలోకి వచ్చాడు. బాగా లావెక్కిన శరీరం, గొరిగిన తల, గొరిగిన కనుబొమలు. చాలాసేపటి వరకు ఎవరూ గుర్తుపట్టలేదు. ఎవరో ఒకరి పరిచయస్థుడనుకొన్నారు. అది బారెట్ అని తెలిసినప్పుడు కొందరు కన్నీరు పెట్టుకొన్నారు. ఈ వృత్తాంతాన్ని సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పారు. గుర్తుపట్టలేకపోయామన్న విషయంలో మాత్రం భేదం లేదు.

అభిమానులు దీనిని ఒక అద్భుత యాదృచ్ఛికంగా చెప్పుకొంటారు. పిలిచిన పాట విని మిత్రుడు వచ్చినట్లు భావిస్తారు. నైతిక దృష్టికి ఇది అద్భుతం కాదు, పరీక్ష. పాట ఎవరిని ‘నీవు’ అని పిలిచిందో ఆ మనిషి గదిలో నిలిచినప్పుడు పిలిచినవారు అతనిని గుర్తించలేదు. దీనిని బట్టి పాటలోని ‘నీవు’ ఎవరో స్పష్టమవుతుంది. అది 1975 నాటి బారెట్ కాదు, 1967 నాటి యువకుడు. మన సాహిత్యంలో శాకుంతలం మొదలుకొని అభిజ్ఞానం, అంటే గుర్తింపు, ఎడబాటును తీర్చే సాధనం. ఇక్కడ గుర్తింపు కలిగాకనే ఎడబాటు పూర్తి అయింది. మిత్రులు కార్చిన కన్నీరు కలుసుకొన్న సంతోషానిది కాదు. తాము శోకిస్తున్నవాడు ఇక తిరిగి రాడనీ, వచ్చినవాడు వేరొకడనీ తెలిసిన క్షణం అది.

ఇక్కడ స్మరణకూ ఆదరణకూ భేదం చెప్పుకోవాలి. స్మరణ గతంలోని మనిషిని పట్టుకొంటుంది. ఆదరణ ఎదుట ఉన్న మనిషికి చెందుతుంది. ఈ పాట స్మరణలో పరిపూర్ణం. ఆదరణ దాని చేతిలో లేదు, ఏ పాట చేతిలోనూ ఉండదు. గిల్మర్ ఏళ్ళ తరబడి బారెట్ పాత రచనలకు రావలసిన రాయల్టీ ఆయనకు సక్రమంగా అందేలా చూశాడు. 2001లో వచ్చిన ‘ఎకోస్’ సంకలనంలో బారెట్ పాటలను చేర్చడం వల్లనూ ఆయనకు ఆదాయం కలిగింది. ‘షైన్ ఆన్’ కర్తలుగా వాటర్స్, గిల్మర్, రైట్‌ల పేర్లే ఉన్నాయి, అందులో బారెట్‌కు భాగం లేదు. ఆయన గురించిన పాట ఆయనకు ఇవ్వనిదానిని, ఎవరూ పాడని ఆ లెక్కల పని ఇచ్చింది. ఋణం తీరిన మేరకు అక్కడే తీరింది.

ఒక ఆక్షేపణ

ఇంత సూక్ష్మంగా తప్పొప్పులు చూస్తే ఏ కవీ ఏ మిత్రుని గురించీ రాయలేడనీ, కళను ధర్మశాస్త్ర న్యాయస్థానంలో నిలబెట్టడం అనుచితమనీ ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ఈ పాట లేకపోతే బారెట్ పేరు సంగీత చరిత్రలో ఒక అధోజ్ఞాపికగా మిగిలి ఉండేదేమో. అంతేకాదు, శోకం అనుమతి అడిగి రాదు. మిత్రుని గురించి మౌనంగా ఉండడం కూడా ఒక విధమైన విస్మరణమే.

దీనికి సమాధానం నిషేధం కాదు, వివేకం. బ్రతికి ఉన్నవానిని గురించిన శోకగీతానికి మూడు లక్షణాలు ఉండాలని ఈ పరిశీలన సూచిస్తుంది. ఒకటి, ఎడబాటులో తన పాత్రను అది దాచకూడదు. రెండు, ఎదుటివాని లోపలి స్థితి తనకు తెలిసినట్లు మాట్లాడకూడదు. మూడు, తాను ముగింపు అని చెప్పుకోకూడదు. ‘షైన్ ఆన్’ మొదటి లక్షణాన్ని అమరికలో పాటించి పదాలలో విడిచింది. మిత్రుని కన్నులలో శూన్యాన్ని చూసి తీర్పు చెప్పిన చోట రెండవదానిని అతిక్రమించింది. మూడవదానిని పాటించింది. అదీ పదాలతో కాదు.

ముగింపు

తొమ్మిదవ భాగం రైట్ రచన. పదాలు ఆగిపోయాక సంగీతం నెమ్మదిగా సాగి, క్షీణిస్తూ, చివరి క్షణాలలో ‘సీ ఎమిలీ ప్లే’ వరుసను కొద్దిగా పలికి మాయమవుతుంది. అది బారెట్ సొంత పాట. అప్పటివరకు జి మైనర్‌లో నడిచిన రచన జి మేజర్‌లోకి మారి ఆగుతుంది. ఇరవై ఆరు నిమిషాల పాటు మిత్రుని గురించి మాట్లాడినవారు చివర తాము తప్పుకొని, ఆయన స్వరాన్నే వినిపించారు. బిరుదులు లేవు, నిర్ధారణలు లేవు. ఆయనది ఆయనకు తిరిగి ఇచ్చారు. పాటలో నైతికంగా అతి సున్నితమైన చోటు ఇదే.

2005 జూలైలో లండన్ లైవ్ 8 వేదికపై నలుగురూ తిరిగి కలిసినప్పుడు వాటర్స్ బారెట్ పేరు చెప్పి ‘విష్ యు వర్ హియర్’ పాటను పాడాడు. బారెట్ అప్పటికీ బ్రతికే ఉన్నాడు. మరుసటి సంవత్సరం జూలై 7న మరణించాడు. ఆ రోజు నుండి ‘షైన్ ఆన్’ సాధారణమైన స్మృతిగీతం అయిపోయింది. దాని మీద ఉన్న నైతికమైన ఒత్తిడిని కాలం సడలించింది. అందువల్లనే 1975 నుండి 2006 వరకు, అంటే 31 సంవత్సరాల పాటు, అది మరొక విధమైన పాటగా ఉన్నదని గుర్తుంచుకోవడం అవసరం.

ఋణపత్రానికీ చెల్లుచీటీకీ భేదం మన పల్లెల్లో చదువురానివారికి కూడా తెలుసు. మొదటిది బాకీ ఉన్నదని ఒప్పుకొంటుంది, రెండవది తీరిందని చెబుతుంది. బ్రతికి ఉన్న మిత్రునిపై రాసిన పాట ఎంత గొప్పదైనా ఋణపత్రమే. దానిని చెల్లుచీటీగా చదివేవాడు శ్రోత అయినా, విమర్శకుడు అయినా, చివరికి కవి అయినా మిత్రునికి అన్యాయం చేస్తాడు. ఋణపత్రంగా చదివితే మాత్రం ఆ పాట మనలను కూడా ఒక ప్రశ్న అడుగుతుంది: మనం స్మరిస్తున్నవారిలో ఇంకా బ్రతికి ఉన్నవారు ఎందరు?